డ్రైవర్ సీట్లోనే ఉండి రెండు నిమిషాలు ఆపితే నో పార్కింగ్ చలాన్ చెల్లుతుందా?

నాలుగో గేరు:
నో పార్కింగ్ బోర్డు దగ్గర కారు ఆపి మనిషిని దించారనుకుందాం. ఇంజను ఆన్‌లోనే ఉంది, డ్రైవరు దిగలేదు. నాలుగు రోజులకు ఫోటోతో సహా ఈ-చలాన్ వచ్చింది. నోరు మూసుకుని కట్టేయాలా, కాదని వాదించాలా? నన్నడిగితే వాదించాల్సిందే. డ్రైవరు బండిలో ఉన్నంతసేపూ అది ఆగిన బండి, పార్క్ చేసిన బండి కాదు.

లా పాయింట్:
సగమే కరెక్టండీ. సీట్లో మనిషి ఉన్నాడా లేడా అన్నది కాదు, ఎందుకు ఆపారు, ఎంతసేపు ఆపారు అన్నదే చూడాలి. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం గీత గీసింది కూడా అక్కడే. మనుషుల్ని ఎక్కించుకోవడానికో దించడానికో, సరుకు ఎత్తడానికో పట్టేంతసేపు ఆగితే అది ఆగడం. అంతకు మించితే పార్కింగ్. ఫోన్ వచ్చిందని పక్కకు తీసినా, ఎవరో వస్తారని ఎదురుచూస్తూ కూర్చున్నా, ఇంజను ఆన్‌లో ఉందన్న మాట అక్కరకు రాదు.

ముందు ఆ బోర్డు ఏదో సరిగ్గా చూడండి. నీలం గుండ్రం, ఎర్ర అంచు, మధ్యలో ఏటవాలుగా ఒకే ఎర్ర గీత ఉంటే నో పార్కింగ్. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే నో స్టాపింగ్. అక్కడ మనిషిని దించడానికి ఆపినా తప్పే, వాదన అక్కడితో సరి.

కోర్టు మెట్లు:
బోర్డు దగ్గరే ఆగిపోతే ఎలా? మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్‌కి అసలు బోర్డే అక్కర్లేదు. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, మితిమీరిన అసౌకర్యం కలిగేలా బండి నిలపకూడదంటుంది. కలిగే అవకాశం ఉన్నా చాలు, కలగనక్కర్లేదు. జీబ్రా క్రాసింగ్ మీదో, మలుపులోనో, బస్టాపులోనో ఆపి "రెండు నిమిషాలేగా" అంటే ఎవరూ వినరు. హజార్డ్ లైట్లు వేశామనే వాళ్లు ఇంకో రకం. ఆ లైట్లు బండి చెడిపోయిందని వెనకవాళ్లను హెచ్చరించడానికి, ఆపుకునేందుకు పర్మిట్ కాదు.

పైగా పోయేది 500. దానికోసం కోర్టు చుట్టూ తిరిగితే ఒక పూట పని పోతుంది. లెక్క చూసుకోండి.

నాలుగో గేరు:
500 అని మీరు అనుకుంటున్నారు. కొందరికి 2000 పడుతోంది కదా?

లా పాయింట్:
అందుకే చలాన్‌లో మొత్తం కన్నా ముందు సెక్షన్ చదవమనేది. మోటారు వాహనాల చట్టంలో విడిగా శిక్ష చెప్పని తప్పులకు వాడేది 177వ సెక్షన్, 2019 సవరణ తర్వాత దాని కింద మొదటిసారి 500, మళ్లీ చేస్తే 1500 దాకా. రోడ్డు నియమాల ఉల్లంఘనకు 177ఏ, 500 నుంచి 1000. ఆ 2000 మాత్రం 179ది. అధికారి ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించినందుకు వేసేది. కెమెరా ఫోటో తప్ప ఇంకేమీ లేదు, బండి తీయమని ఎవరూ చెప్పలేదు, అయినా 179 రాశారంటే ఆ చలాన్‌ని వదలొద్దు. ఇక్కడ వాదన ఆగిన నిమిషాల గురించి కాదు, ఆ ఆదేశం ఎవరు, ఎప్పుడు ఇచ్చారని.

సెల్ఫ్ స్టార్టర్:
ఫోటో సంగతి ఎవరూ ఎత్తలేదేం? అసలు పట్టు అక్కడుంది. ఒకే ఒక్క ఫోటో ఉంటే అందులో బండి ఉందని తెలుస్తుంది గానీ ఎంతసేపు ఉందో తెలియదు. ముందు బండి కదలక ఆగిందో, సిగ్నల్ పడి ఆగిందో కూడా తెలియదు. టైము పడిన ఫోటోలు రెండుంటే, వాటి మధ్య ఐదారు నిమిషాల తేడా ఉంటే మాత్రం మీ పని అయిపోయినట్టే. నంబర్ ప్లేటు, టైము, చోటు, బోర్డు నాలుగూ ఉన్నాయేమో ఫోటోని పెద్దది చేసి చూడండి. ప్లేటు మాత్రమే దగ్గరగా తీసి బోర్డును వదిలేసిన ఫోటోలు కోకొల్లలు.

కెమెరాతో వేసిన చలాన్ అయితే 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ చదవండి. ఆ పరికరానికి ఏటా రెన్యూవల్ అయ్యే ఆమోద పత్రం ఉండాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. అందులో ఫోటో, తేదీ, టైము, చోటు, ఏ సెక్షన్ అన్నదీ ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా అదే మొదటి పాయింటుగా రాయండి. "అర్జెంటు పని పడింది, పెద్దావిడ నడవలేరు" లాంటివి కింద పెట్టండి, లేదా మానేయండి.

కోర్టు మెట్లు:
మనవైపు సాక్ష్యం?

సెల్ఫ్ స్టార్టర్:
డాష్‌క్యామ్ (బండిలో ముందు అద్దం దగ్గర పెట్టే కెమెరా) ఉంటే కార్డు నిండగానే పాత వీడియో మీద కొత్తది పడిపోతుంది. చలాన్ చూసిన రోజే కార్డు బయటికి తీసేయండి. వాట్సాప్‌లో పంపిన కాపీ పనికిరాదు. క్వాలిటీ తగ్గుతుంది, ఫైలు వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైలే దాచాలి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. అదే రూలు వాళ్ల ఫోటోకీ వర్తిస్తుంది, అడగడానికి మొహమాటపడకండి.

బోర్డు ఫోటో కూడా అదే వారంలో తీయండి. చెట్టు కొమ్మ అడ్డుందా, బాణం గుర్తు ఎటు చూపిస్తోంది, కింద పలకమీద టైము ఏమైనా ఉందా చూడండి. డ్రైవరు కంటికి బోర్డు ఎలా కనిపిస్తుందో ఆ ఎత్తు నుంచే తీయాలి. నిలబడి పైకెత్తి తీస్తే కొమ్మ పక్కకు తప్పుకున్నట్టు పడుతుంది. ఆ రోడ్డును నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు కాపీకి ఆర్టీఐ పెట్టండి, జవాబుకు 30 రోజుల గడువుంది.

నాలుగో గేరు:
బండి నడిపింది నేను కాదు అంటే?

లా పాయింట్:
మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద నడిపిందెవరో ఓనరు చెప్పి తీరాలి. ఆ దారి వద్దు.

వరస మాత్రం ఇదండీ. ముందు ఈ-చలాన్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, ఫోటోలు జతచేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. వాళ్లు కొట్టేయకపోతే కోర్టుకు వెళ్లాలి. వర్చువల్ కోర్టుకు (ఆన్‌లైన్‌లో నడిచే కోర్టుకు) పంపిన కేసయితే తప్పు ఒప్పుకుని కట్టడం, కాదని పోరాడటం అని రెండు దారులు కనిపిస్తాయి. రెండోది నొక్కితే కేసు మామూలు కోర్టుకు మారుతుంది.

కోర్టు మెట్లు:
ముందు కట్టేసి తర్వాత పోరాడొచ్చని చాలామంది అనుకుంటారు. అది కుదరదు. 200వ సెక్షన్ కింద డబ్బు కట్టారంటే రాజీ పడ్డట్టే, కేసు అక్కడే ముగుస్తుంది. 179 రాసినదైతే, ఫోటోలో బోర్డే లేకపోతే పోరాడండి, కాదనను. రెండు ఫోటోలుండి, కింద 122 అని ఉంటే కట్టేయడమే మేలు.

నాలుగో గేరు:
ఒక్క ఫోటో, దాంట్లో బోర్డు కూడా ఉంది, సెక్షన్ 177 అని ఉంటే?

సెల్ఫ్ స్టార్టర్:
కారు తలుపు తెరిచి ఉందా, మనిషి దిగుతున్నట్టు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే ఆ ఫోటో మీ సాక్ష్యమే. లేకపోతే మీ డాష్‌క్యామే దిక్కు.