‘12 మెట్ల కిన్నెర’లో మెట్టు అంటే ఏమిటి?

‘12 మెట్ల కిన్నెర’లోని మెట్లు శాస్త్రీయ సంగీతంలోని 12 స్వరస్థానాలేనా (సప్తస్వరాలు, వాటి భేదాలు పలికే స్థానాలు) అన్న ప్రశ్న ఒక చర్చలో వచ్చింది. కిన్నెరను కొత్తతరానికి నేర్పాలనుకునేవారికి ఈ మాట చాలా ముఖ్యమైనది కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

వెదురు దండి, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, దండిపై మైనంతో నిలిపిన మెట్లు, వాటి మీదుగా సాగే తీగ: స్థూలంగా ఇదీ కిన్నెర. తీగను ఒక్కొక్క మెట్టు దగ్గర వేలితో అదిమితే ఒక్కొక్క స్వరం పలుకుతుంది. వీణకు కూడా ఇదే మాట వాడతాం. బొబ్బిలి వీణ మీది 24 మెట్లు సైతం మైనంలోనే నిలుస్తాయి. వీణలో స్థాయికి (ఒక ‘స’ నుంచి పై ‘స’ వరకు) 12 మెట్ల చొప్పున రెండు స్థాయిలు ఉంటాయి కనుక, కిన్నెర మెట్లను కూడా అలాగే లెక్కించాలని అనిపించడం సహజమే. అయితే ఏడు మెట్ల కిన్నెర, 13 మెట్ల కిన్నెర కూడా ఉన్నాయి. అందువల్ల ఆ సంఖ్య వాద్యం కట్టుబడిని తెలిపేదే తప్ప, శాస్త్రం చెప్పిన స్వరస్థానాల లెక్క కాదని నా అభిప్రాయం.

‘మెట్టు’ క్రియగా అడుగుపెట్టడాన్ని, తొక్కడాన్ని చెబుతుంది. మెట్టినిల్లు అన్న మాటలో ఉన్నది ఇదే. పాట నడకను చెప్పే ‘వర్ణమెట్టు’ రంగస్థలం వారికి నేటికీ తెలిసిన మాట. ఎక్కే మెట్టుకు, వేలు మోపే మెట్టుకు, బాణీకి ఒకే మాట ఉన్న భాషలో పాఠం చెబుతూ మెట్టును ఇంగ్లిషులో ‘ఫ్రెట్’ అనడం నాకు బాధ కలిగిస్తుంది. వేలు మెట్టు మెట్టుకూ జరిగేకొద్దీ శ్రుతి పెరగడం వినే పిల్లవాడికి ఈ మాటకు వేరే వివరణ అక్కరలేదు.

ఇక చరిత్ర. శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలో సంగీతరత్నాకరంలో కిన్నరీ వీణను వర్ణించాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర వాయించే శివభక్తుడు కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. కానీ గ్రంథాల దగ్గరే ఆగితే ఆ పాఠం అసంపూర్ణమే. ఈ వాద్యాన్ని తరతరాలుగా మోసుకొచ్చినవారు మాదిగలకు వారి కులపురాణమైన జాంబపురాణం వినిపించే డక్కలివారు. పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు కిన్నెర మీదనే ఊరూరా తిరిగాయి. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామంది ఈ వాద్యం పేరు విన్నారు.

వాయించే తీరు కూడా ఈ కథాగానం నుంచే వచ్చింది. గాయకుడే వాదకుడు కూడా. కథ ఒక చరణం నడిచాక కిన్నెర ఆ నడకనే అందుకుంటుంది. కాబట్టి కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలతో మొదలుపెట్టి కిన్నెరను నేర్పడం ఆ సంప్రదాయానికి తగినది కాదు. ముందు సాయన్న కథలో ఒక చరణాన్ని నోటికి రప్పించి, దానిని తీగ మీద పలికించి, ఆ తరువాతే అందులో వచ్చిన మెట్లను విడివిడిగా చూపాలి.