అప్‌డేట్: మాంత్రికుడి ఎర్ర అంగీ

28 మిల్లీమీటర్ల మాంత్రికుడి బొమ్మకు వేసిన ఎర్ర అంగీ ఒకే ముద్దలా ఉందని, రంగుల మధ్య గీతలు పడుతున్నాయని పోయిన నెల అడిగాను. మీరు చెప్పినట్టే నీడలకు నలుపు మానేసి, ఎరుపులో కొద్దిగా ముదురు ఆకుపచ్చ కలిపాను. మడతలకు ఎంత లోతు వచ్చిందో! అంచుల వెలుగుకు తెలుపు కలిపితే గులాబీకి తిరుగుతోంది, నారింజ కలిపితే ఎరుపు నిలిచింది.

అసలు చిక్కు మా అనంతపురం ఎండ. యాక్రిలిక్ రంగు పళ్లెంలోనే ఆరిపోయేది. ఇప్పుడు మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దానిమీద బేకింగ్ కాగితం పరిచి అక్కడే కలుపుతున్నాను. నీళ్లతో బాగా పలుచన చేసి, కుంచెను గుడ్డకు అద్ది, ఒక పొర పూర్తిగా ఆరాకే మరొకటి వేశాను. ఎనిమిదో పొరకు గీత మాయమైంది.

ముఖం మాత్రం మిగిలింది. ముక్కు కింద నీడ మీసంలా కనిపిస్తోంది. అక్కడ ఎంత ముదురు వాడాలి?