మానిటర్‌లో 97 ఉన్నా ఊపిరి తగ్గిపోతున్న రోగి: ఐసీయూలో మీరు నేర్చుకున్నది చెప్పండి

నర్సింగ్ విద్యార్థిని, నల్లగొండ:
నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఐసీయూ పోస్టింగులో పురుగుమందు విషం ఒంటికెక్కి చేరిన ఒక పత్తి రైతును నాకు అప్పగించారు. చేరిన రోజు ఆయనకు నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమటలు, సూదిమొనంత చిన్నబడిన కంటిపాపలు ఉన్నాయట. విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మందు నడుస్తుండగా మూడో రోజుకు ఛాతీలో గరగర తగ్గింది, మాట కూడా వచ్చింది. "ఇగ గండం గడిచింది బిడ్డా" అని ఆయన భార్య నాతో అన్నారు. నేనూ అలాగే నమ్మాను.

మాస్కు ద్వారా నిమిషానికి 6 లీటర్ల ఆక్సిజన్ వెళ్తోంది, మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం 97 అని కనిపిస్తోంది. చార్టులో శ్వాస సంఖ్య గడిలో 20 అని రాశాను. లెక్కపెట్టి రాయలేదు, అంతకుముందు గంటలోనూ 20 ఉంది కాబట్టి రాశాను. తరువాత దిండు గలీబు మార్చడానికి "తల కొంచెం ఎత్తండి పెద్దనాన్నా" అంటే ఆయన ఎత్తలేకపోయారు. నీరసమనుకుని నా చేతితోనే ఎత్తి మార్చాను. అది దూరం నుంచి చూసిన సీనియర్ సిస్టర్ వచ్చి, నాడి చూస్తున్నట్టుగా ఆయన మణికట్టు పట్టుకుని, నిండా ఒక నిమిషం ఛాతీ కదలికలు లెక్కపెట్టారు. 34 వచ్చింది, ప్రతి శ్వాసా పైపైనే. రక్తంలో వాయువుల పరీక్ష చేస్తే 35 నుంచి 45 మధ్య ఉండవలసిన కార్బన్ డయాక్సైడ్ 58కి చేరింది. అరగంటలో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. పదకొండు రోజుల తరువాత ఆయన కోలుకున్నారు. కానీ ఊపిరి అంతగా తగ్గిన మనిషికి 97 ఎలా కనిపించిందన్నది నన్ను వదలడం లేదు.

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్:
చెల్లీ, వేలికి పెట్టే ఆక్సిమీటర్ రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది, ఊపిరి ఎంత ఆడుతోందో చెప్పదు. బయటి నుంచి ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు, చిన్నచిన్న శ్వాసలతోనైనా రక్తానికి సరిపడా అందుతుంది. లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడానికి మాత్రం ఛాతీ నిండుగా కదలాలి. అందుకే మాస్కు ఉన్న రోగిలో ఆ అంకె పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది.

మీరు చూసినది పురుగుమందు కేసుల్లో 24 నుంచి 96 గంటల మధ్య వచ్చే కండరాల బలహీనత. చొంగ, చెమట తగ్గి ఇంటివాళ్ల ముఖాలు తేటపడే వేళకే ఇది మొదలవుతుంది, ముందుగా మెడనే పడుతుంది, అట్రోపిన్‌తో తగ్గదు. మా వార్డులో పత్తి మందులు కొట్టే రోజుల్లో ఇలాంటివారు వస్తూనే ఉంటారు కనుక, ప్రతి షిఫ్టులో తల ఎత్తమంటాము, ఒకే ఊపిరిలో ఒకటి రెండు మూడు అని పైకి లెక్కపెట్టమంటాము. నిన్న 25 దాకా వెళ్లిన మనిషి ఈరోజు 12 దగ్గర ఆగితే మానిటర్ ఏమి చెబుతున్నా డాక్టర్‌ను పిలవాలి.

రోగి కొడుకు, దేవరకొండ:
నేను వైద్యరంగం వాడిని కాను, అయినా ఇది చెప్పాలనిపించింది. మా అమ్మ నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది, ఆమెకు దమ్ము జబ్బు. ఆసుపత్రిలో 89 చూసి భయపడి, ఎవరినీ అడగకుండా నేనే ఆక్సిజన్‌ను 2 లీటర్ల నుంచి 6కు తిప్పాను. అంకె 98కి ఎక్కింది, అమ్మ నిద్రపోయింది, చాలా రోజులకు హాయిగా పడుకుందని సంతోషించాను. అది నిద్ర కాదని, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని వచ్చిన మత్తు అని నర్సమ్మ తట్టి లేపబోయినప్పుడు తెలిసింది. ఇలాంటి జబ్బులో 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యమని ఆ రోజు ఆమె విడమరచి చెప్పారు. ఆ మాట మొదటి రోజే మంచం దగ్గర చెప్పి ఉంటే నా చేయి ఆ మీట మీదికి పోయేది కాదు.

నర్సింగ్ ట్యూటర్, సూర్యాపేట:
1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో ప్రబలినప్పుడు పెద్దపెద్ద వైద్యులు కూడా ఈ విషయంలోనే పొరబడ్డారు. ఆక్సిజన్ ఇచ్చిన రోగుల రంగు బాగానే ఉన్నా వారు మరణిస్తుంటే, రక్తంలో బైకార్బనేట్ అనే క్షార పదార్థం పెరగడాన్ని మరేదో మార్పుగా భావించారు. అది ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోవడమేనని మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గుర్తించి, 12 ఏళ్ల బాలికకు గొంతులో గొట్టం అమర్చి చేతితో సంచి నొక్కి ఊపిరి ఇచ్చి చూపించారు. ఆపైన వందల మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా కూర్చుని రోగులకు చేతులతో శ్వాస అందించారు. ఐసీయూ అనే గది అక్కడి నుంచే పుట్టిందని చెబుతారు. అంబు బ్యాగు, అంటే చేతితో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి, పట్టుకున్న ప్రతి బ్యాచ్‌కూ నేను ఈ సంగతి చెబుతాను.

జీఎన్ఎం విద్యార్థిని, వనపర్తి:
అక్కా, నాకు సక్షన్ అంటేనే, అదే సన్నని గొట్టంతో ఊపిరి దారిలోని కఫం పీల్చి తీయడమంటేనే, చేతులు వణుకుతాయి. గొట్టం లోపలికి వెళ్లగానే రోగి దగ్గి, ముఖం కందిపోతుంటే నేనే హాని చేస్తున్నాననిపిస్తుంది. మీరెలా అలవాటు చేసుకున్నారు?

స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్:
ముందు నూరు శాతం ఆక్సిజన్ ఇవ్వండి. లోపలికి దింపేటప్పుడు పీల్చనివ్వకండి, వెనక్కి తీసేటప్పుడే పీల్చండి. మొత్తం 15 సెకన్లు దాటకూడదు. గొట్టం దింపేటప్పుడు మీ ఊపిరి కూడా బిగబట్టండి. మీకు గాలి కావాలనిపించే వేళకు ఆయనకూ కావాలి. స్పృహ లేదనుకున్నవారికి కూడా "కొంచెం దగ్గు వస్తుంది, అయిపోతుంది" అని ముందే చెప్పండి. వణుకు పోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నర్సింగ్ విద్యార్థిని, నల్లగొండ:
అందరికీ కృతజ్ఞతలు. ఆ 20 సంగతి మరుసటి రోజు సిస్టర్‌కు చెప్పేశాను. చెరిపేయనివ్వలేదు. అంకె కనబడేలా దాని మీద ఒక్క గీత గీయించి, పక్కన "లెక్కించలేదు" అని రాయించి, సమయం వేసి సంతకం చేయమన్నారు. చేశాను. తరువాత పక్క మంచం దగ్గరికి తీసుకెళ్లి, గడియారం నా చేతికిచ్చి, ఒక నిమిషం తానూ నా వెంట నిలబడ్డారు.