సమస్యాపూరణం: దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది.

"దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్"

ఇది కంద పద్యపు నాలుగవ పాదం; విరుద్ధంగా తోచే ఈ మాటకు అర్థం కుదిరేలా ముందరి మూడు పాదాలను మీరు పూరించాలి. ప్రాస, అంటే ప్రతి పాదంలోనూ రెండవ అక్షరం, 'య్య'. ప్రాసపదాలు తక్కువ కనుక పునరుక్తి రాకుండా చూసుకోవాలని మనవి. పూరణలన్నీ దయ్యాల కొంప నేపథ్యంగా వచ్చిన హాస్య చలనచిత్రాలకు సంబంధించి ఉండాలి. 2017లో మహి వి. రాఘవ్ దర్శకత్వంలో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'ను ప్రత్యేకంగా దృష్టిలో ఉంచుకొని ఈ సమస్యను కూర్చాను. ఇల్లు అమ్ముకోవాలనుకొనే యజమాని, అందులో దయ్యాలు లేవని నిరూపించడానికి చేరిన నలుగురు మనుషులు, ఆ మనుషులను చూసి హడలిపోయే దయ్యాలు ఆ కథలోని సరంజామా. 2019లో అదే కథ తమిళంలో 'పెట్రోమాక్స్'గానూ, కన్నడంలో 'మనె మారాటక్కిదె'గానూ మళ్ళీ తెరకెక్కింది. రెండేళ్ళలో రెండు పొరుగు భాషలు కోరి తెచ్చుకొన్న కథలో తాత్కాలికమైన వినోదాన్ని మించిన బలమేదో ఉండి తీరాలి. ఆ బలం ఎక్కడున్నదో మీ పద్యాలు పట్టుకోవాలని నా కోరిక.

కూకట్‌పల్లి సభ్యుడు:
కొత్తగా పద్యాలు వ్రాస్తున్నాను. దోషాలుంటే తెలుపగలరు.

కం. ఇయ్యది చిత్రపు మహిమయె!
నెయ్యులు నవ్విరి యందఱు నిండుగ నచటన్
రయ్యన భీతియె నవ్వగు
దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్?

నిర్వాహకుడు:
భావం బాగున్నది, ముఖ్యంగా మూడవ పాదం ఈ తరహా చిత్రాల ఆయువుపట్టును సూటిగా పట్టుకొన్నది. అయితే రెండవ పాదంలో గణదోషం (గురులఘువుల అమరికలో తప్పు) ఉన్నది. మొదటి రెండు పాదాలనూ కలిపి లెక్కించినపుడు ఆరవ గణం జగణమో (లఘువు-గురువు-లఘువు) నలమో (నాలుగు లఘువులు) కావాలి. మీరు 'యందఱు' అని భగణం (గురువు-లఘువు-లఘువు) వేశారు. చివరి 'నచటన్' పాదాన్ని నింపడానికి వచ్చిన మాటే తప్ప అర్థానికి పనికివచ్చినది కాదు. "నెయ్యులు నవ్విరి మురియుచు నిసి యనకుండన్" అందామా? నె-ని యతి (పాదం మొదటి అక్షరానికీ లోపలి అక్షరానికీ మైత్రి) నిలుస్తుంది, రాత్రి ప్రస్తావన వలన దయ్యానికి తగిన వేళ కూడా సమకూరుతుంది.

కూకట్‌పల్లి సభ్యుడు:
ధన్యవాదాలు గురువుగారూ. మీ సవరణను స్వీకరిస్తున్నాను.

మియాపూర్ సభ్యుడు:

కం. శయ్యను వీడక సెల్లను
దయ్యము చెంతనె వసించు తరుణము గాదే!
చెయ్యది విడువదు గద మఱి
దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్?

నిర్వాహకుడు:
ఛందస్సు నిర్దోషం, నడక సాఫీగా ఉన్నది. కానీ సమస్యలోని కీలకపదమైన 'దయ్యము'ను రెండవ పాదంలోనే వాడేయడం వలన నాలుగవ పాదం చేరేసరికి చమత్కారం చల్లబడింది. ఇంతకంటె పెద్ద అభ్యంతరం మరొకటి ఉన్నది. దయ్యమంటే సెల్‌ఫోనేనని చెప్పిన క్షణంలో ఇంట్లోనుంచి దయ్యం వెళ్ళిపోయింది, దానితోపాటు మనం అనుకొన్న చిత్రమూ వెళ్ళిపోయింది. సమస్యలోని విరుద్ధమైన మాటను రూపకంగా మార్చి తప్పించుకోవడం అనాదిగా ఉన్న పద్ధతే అయినా, అది సమస్యను పరిష్కరించడం కంటె రద్దు చేయడానికే దగ్గరగా ఉంటుంది. అంతా విన్న తరువాత "అసలు దయ్యమే లేదు, ఎవరో ఆడించిన నాటకం" అని తేల్చే సినిమాలను రెండవసారి చూడబుద్ధి కాకపోవడానికి కారణం కూడా ఇదేనని నా అభిప్రాయం.

నల్లకుంట సభ్యురాలు:

కం. అయ్యయొ మనుజులు వచ్చిరి!
చయ్యన నా మగఁడు పాఱె జడుపున సఖియా!
నుయ్యో గొయ్యో మేలిఁక
దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్?

(మనుషులను చూసి భర్త పారిపోగా, ఒంటరిగా మిగిలిన ఆడదయ్యం తన చెలికత్తెతో చెప్పుకొన్న మాటలుగా భావించ ప్రార్థన.)

నిర్వాహకుడు:
అమ్మా, అద్భుతమైన పూరణ! వక్తను మార్చారు, అంతే. ఒక్క అక్షరం విరవకుండా, ఏ పదానికీ అర్థం మార్చకుండా సమస్య దానంతటదే విడిపోయింది. 'నుయ్యో గొయ్యో' అనే నానుడి ఆడదయ్యం నోట పలకడం మరీ ముచ్చటగా ఉన్నది. అప్పటికే చచ్చినది మళ్ళీ చావును కోరుకోవడంలోని హాస్యం చదివిన కొద్దీ ఊరుతుంది.

ఈ పద్యం గురించి కొంచెం విస్తరించి చెప్పాలి. హాస్యానికి భయానకమూ కరుణమూ విరోధి రసాలని సంస్కృత ఆలంకారికుడు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పాడు. అలాంటప్పుడు దయ్యాల కొంపలో నవ్వు ఎలా పుడుతుంది? దానికి సమాధానం అంతకు ముందే ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో (అధ్యాయంలో) ఇచ్చి ఉన్నాడు: ఒకే ఆశ్రయంలో, అంటే ఒకే వ్యక్తిలో, విరోధించే రసాలను వేర్వేరు ఆశ్రయాలలో నిలిపితే దోషం ఉండదు. భయం పాత్రది, నవ్వు ప్రేక్షకుడిది అయినపుడు రెండింటికీ చోటు దొరుకుతుంది. సాధారణంగా ఇటువంటి చిత్రాలలో భయపడేవాడు మనిషే కనుక ప్రేక్షకుడు వాడితోపాటు తానూ కొంత జడుసుకొంటాడు, నవ్వు అక్కడికక్కడ తెగిపోతూ ఉంటుంది. 'ఆనందో బ్రహ్మ'లో భయాన్ని దయ్యాలకు అప్పగించడంతో ఆశ్రయభేదం సంపూర్ణమైంది. రేచీకటి ఉన్నవాడికి ఎదుట నిలిచిన దయ్యం కనబడదు, తాగి ఒళ్ళు తెలియనివాడికి అది చేసే హంగామా ఎక్కదు. పాపం, ఆ దయ్యాలు తమ విద్యలన్నీ ప్రదర్శించి అలసిపోతాయి. మనిషి బలహీనతే అక్కడ అతడికి రక్షరేకు అవుతున్నది. శ్రీనివాసరెడ్డి, వెన్నెల కిశోర్, షకలక శంకర్, తాగుబోతు రమేశ్ ఆ పాత్రలను వెకిలితనంగా కాక తమకేమీ తెలియనట్టే నటించడం వలన అది పండింది.

చిక్కడపల్లి సభ్యుడు:
ఆర్యా, మీ మాటకు ఒక చేర్పు. ఆ చిత్రాన్ని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో విడుదలైన వారంలోనే చూశాను. ఒక సంభాషణకు హాలంతా నవ్వుతుండగా తరువాతి రెండు మూడు మాటలు ఎవరికీ వినబడలేదు. అందువలన ఆ సన్నివేశాన్ని తరువాత టీవీలో చూసినపుడే పూర్తిగా విన్నాను. మళ్ళీ మళ్ళీ చూడడానికి ఇదొక కారణం. ఇంటిల్లిపాదీ కూర్చొని చూడదగినట్టు దయ్యాన్ని పిల్లల ముందుకు తేవడం రెండవ కారణం. 'రాజు గారి గది' 2015, 2017, 2019లలో మూడు భాగాలుగా రావడం, 2014 నాటి 'గీతాంజలి'కి 2024లో కొనసాగింపు రావడం చూస్తే, జడుపునూ నవ్వునూ ఒకే టికెట్టు మీద కోరుకొనే ప్రేక్షకులు తగ్గలేదని తెలుస్తున్నది. నా పూరణ:

కం. వెయ్యి గజంబుల జాగని
చయ్యన బిల్డర్లు వచ్చి చదునొనరింపన్
ఇయ్యెడ నాపెడి దెవ్వరు?
దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్?

నిర్వాహకుడు:
మన ఊరి కథనే చెప్పారు. అన్యదేశ్యమైన 'బిల్డర్లు' ఇక్కడ ఎబ్బెట్టుగా లేదు, ఆ పని చేసేవారిని అందరూ పిలిచే పేరు అదే. దయ్యం ఇంటికి కావలి అన్న ఊహ చిత్రకథకు ఎంతో దగ్గరగా ఉన్నది. ఇల్లు అమ్ముడుపోకుండా అడ్డుపడేవి ఆ దయ్యాలే కదా!

మలక్‌పేట సభ్యురాలు:

కం. ముయ్యని వాకిలి, పిల్లలు
కుయ్యిడ వినలేని యెడలఁ గొలువులఁ జేయన్
సయ్యాటల నాడుట కొక
దయ్యము లేనట్టి యింటఁ దగునా యుండన్?

మియాపూర్ సభ్యుడు:
పద్యం మనసును తాకింది కాని, ఇందులో హాస్యం ఎక్కడున్నదో నాకు బోధపడలేదు. ఈ వారం నియమానికి ఇది లోబడినట్టేనా?

మలక్‌పేట సభ్యురాలు:
లోబడినదనే నా నమ్మకం. ఆ చిత్రంలోని దయ్యాలు కూడా ఒక కుటుంబమే. తమ ఇంటిని వదలలేని మమకారం వాటిది. ఆ సంగతి తెలిసిన తరువాత మొదట నవ్వు తెప్పించిన సన్నివేశాలే మరో విధంగా కనబడతాయి. పిల్లలు విదేశాలలో ఉండగా పెద్ద ఇంట్లో ఒక్కరే మసలే పెద్దవారు మా వీధిలోనే ఉన్నారు. వారికి ఆ దయ్యాలు భయంకరంగా తోచవు, పలకరించే తోడుగా తోస్తాయి. 'సయ్యాటల' అన్నచోట వారు నవ్వుతారనే వ్రాశాను.

నిర్వాహకుడు:
ఆమెతో ఏకీభవిస్తున్నాను. మూడవ పాదం ఆగకుండా నాలుగవ పాదంలోకి ప్రవహించి 'ఒక దయ్యము లేనట్టి యింట' అని అన్వయించడం ఈ వారం వచ్చిన పూరణలలో మరెవ్వరికీ కుదరని నిర్మాణసౌష్ఠవం. కరుణ ఇందులో హాస్యానికి అంగంగా (తోడుగా) ఉన్నదా, హాస్యమే కరుణకు అంగమైనదా అని చర్చించవచ్చు; నాకు రెండవదే సరి అనిపిస్తున్నది. అందుచేతనే, ఎంతో ఇష్టమైనా దీనిని రెండవ స్థానంలో ఉంచి, నవ్వే అంగిగా (ప్రధానంగా) నిలిచిన నల్లకుంట సోదరి పద్యాన్ని మొదటిదిగా ఎంపిక చేస్తున్నాను. మియాపూర్ మిత్రులు సెల్‌ఫోనును పక్కన పెట్టి, అసలైన దయ్యంతో మరొక పూరణ పంపవలసిందిగా కోరుతున్నాను.

మియాపూర్ సభ్యుడు:
తప్పక పంపుతాను గురువుగారూ. ఈసారి యజమాని నోట పలికిస్తాను.