ఇంగ్లీషు వ్యాకరణంలో ముందుగా ఏ నియమాలు నేర్చుకోవాలి? కామా ఎక్కడ, ఫుల్‌స్టాప్ ఎక్కడ?

ప్రశ్న (తాడిపత్రి నుంచి):
నేను తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివి, ఇక్కడి ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తున్నాను. బెంగళూరు, చెన్నై వ్యాపారులకు రోజూ ఇంగ్లీషులో మెయిల్ రాయవలసి ఉంటుంది. వ్యాకరణ పుస్తకం తెరిస్తే భాషాభాగాలు దాటి ముందుకు సాగడం లేదు. పని జరగాలంటే మొదట ఏ నియమాలు పట్టుకోవాలి? 'ది లారీ లెఫ్ట్ టుడే, ఇట్ విల్ రీచ్ టుమారో' అన్న వాక్యంలో కామా సరైనదేనా?

సమాధానం (అనంతపురం, విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు):
భాషాభాగాల పేర్లు వల్లె వేయడం తర్వాతి సంగతి. ముందు ప్రతి వాక్యంలో కర్త ఏది, క్రియ ఏది అని వెతకడం అలవాటు చేసుకోండి. తెలుగులో 'బండలు సిద్ధం' అంటే క్రియ లేకుండానే వాక్యం ముగుస్తుంది గాని, ఇంగ్లీషులో 'ది స్లాబ్స్ ఆర్ రెడీ' అని 'ఆర్' ఉండి తీరాలి. ఆ క్రియ కర్తను అనుసరించాలే తప్ప పక్కనున్న మాటను కాదు. 'ది కాస్ట్ ఆఫ్ ది స్లాబ్స్' అని రాసి, బహువచనం కనబడింది గదా అని 'ఆర్' పెట్టేవారు చాలామంది. అక్కడ కర్త 'కాస్ట్' కనుక 'ఈజ్' రావాలి. అలాగే 'డిడ్' వచ్చిందంటే భూతకాలం అందులోనే తీరిపోయింది కాబట్టి, 'డిడ్ నాట్ రిసీవ్' అనాలి గాని 'రిసీవ్డ్' అనకూడదు.

సమాధానం (కడప, ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే పని):
మీరడిగిన వాక్యంలో కామా చెల్లదు. తెలుగులో 'లారీ ఈరోజు బయలుదేరి రేపు చేరుతుంది' అని అసమాపక క్రియతో ఎంత దూరమైనా లాగి, చివర ఒక్క సమాపక క్రియతో ముగించవచ్చు. ఇంగ్లీషులో మీరు రాసినవి వేర్వేరు కర్తలూ సమాపక క్రియలూ ఉన్న రెండు పూర్తి వాక్యాలు. వాటిని కలిపే బలం ఒక్క కామాకు లేదు. ఫుల్‌స్టాప్‌తో విడదీయండి, లేదా సెమికోలన్ (;) పెట్టండి, లేదా కామా తర్వాత 'అండ్' చేర్చండి. 'దేర్‌ఫోర్', 'హవెవర్' చూడడానికి 'అండ్' లాగే ఉన్నా ఆ పని చేయవు; రెండు వాక్యాల నడుమ అవి వస్తే వాటి ముందు సెమికోలన్ గాని ఫుల్‌స్టాప్ గాని ఉండాలి.

మా దగ్గరికి వచ్చే కరపత్రాల్లో నేను ఎక్కువగా కొట్టివేసేది అపాస్ట్రఫీని (’ గుర్తు). 'స్లాబ్స్' వంటి మామూలు బహువచనానికి అది అక్కరలేదు. 'ఇట్స్'లో అపాస్ట్రఫీ ఉంటే 'ఇట్ ఈజ్' లేదా 'ఇట్ హాజ్', లేకపోతే 'దాని' అని అర్థం.

సమాధానం (కర్నూలు నుంచి):
ఆర్టికల్స్ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోవద్దని నా అభిప్రాయం. 'ఏ', 'యాన్' తేడా మాత్రం అక్షరాన్ని బట్టి కాక ఉచ్చారణను బట్టి ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు: 'ఏ యూనిట్', 'యాన్ అవర్'. 'ది' వాడకం చదవగా చదవగా పట్టుబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. 'ది స్టాక్ ఈజ్ రెడీ, బట్ ది పేమెంట్ ఈజ్ పెండింగ్' అన్నప్పుడు 'బట్' ముందు కామా ఉండాలా?

సమాధానం (కడప):
ఉండాలండీ, 'బట్' తర్వాత కొత్త కర్త వచ్చింది కనుక. 'వి చెక్డ్ ది స్టాక్ అండ్ లోడెడ్ ఇట్' అన్నచోట కర్త ఒక్కటే కాబట్టి 'అండ్' ముందు కామా అక్కరలేదు.