అమ్మ చీరలు కోసి వసారా బల్లకి గలీబు కుట్టొచ్చా?

పడమటివాకిలి:
అమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక బీరువా తెరిచాను. కట్టి కట్టి మెత్తబడ్డ నేత చీరలు ఎనిమిది ఉన్నాయి. మంగళగిరివి మూడు, వెంకటగిరివి రెండు, ఒక పోచంపల్లి, ఒక గద్వాల, ఒక కలంకారీ అద్దకం. మా పడమటి వసారాలో నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న టేకు బల్ల ఉంది. సాయంత్రాలు అమ్మ దాని మీద కూర్చునే చిక్కుళ్ళకి ఈనెలు తీసేది. ఇప్పుడు నాన్న ఒక్కరే కూర్చుంటున్నారు. ఆ బల్లకి రెండంగుళాల స్పాంజి వేసి, ఈ చీరల ముక్కలతో అతుకుల గలీబు కుట్టాలని నా కోరిక. చెల్లెలు మాత్రం "అమ్మ చీరకి కత్తెర పెడితే నాతో మాట్లాడకు" అంది. నాది తప్పా? కుట్టుపని తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ కూడా చెప్పండి.

కృష్ణాతీరం:
మీ చెల్లెలి మాటే నా మాట. కన్నతల్లి కట్టిన చీర మీద కూర్చోవడమేంటండీ? వచ్చినవాళ్ళు కాళ్ళు పెడతారు, పిల్లలు ఐస్‌క్రీము కారుస్తారు, వీధికుక్క ఎక్కి పడుకుంటుంది. చీర మడతల్లో ఉన్నంతకాలం అది అమ్మ చీర. కోశాక గుడ్డముక్క. ఏడాదికోసారి తీసి, ఎండబెట్టి, మడతలు మార్చి, వేపాకు పెట్టి దాచుకోండి. మీ కూతురు కట్టుకుంటుంది.

బొంతలక్క:
అక్కా, నేను ఒప్పుకోను. మాది నారాయణపేట దిక్కు. మా అవ్వ చీరలన్నీ బొంతలే అయినయి. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, చిరిగిన కాడ ఇంకో ముక్క అతికి, సూదితోటి వరుసగా కుడుతుండె. ఆ బొంత మీదనే మేం పుట్టినం, పండినం, జ్వరమొస్తే దాన్నే కప్పుకున్నం. పసిపిల్లకు ఉయ్యాల కట్టేది దేనితోటి? తల్లి చీరతోటే కదా. బిడ్డ దాంట్ల ఉచ్చ పోస్తే చీరకు అవమానమైతదా? మన ఇండ్లల్ల చీర ఎన్నడూ బీరువాల పెట్టి మొక్కే వస్తువు కాదు. కట్టినంక పక్కబట్ట, అటెంక పొత్తిగుడ్డ, ఆఖరికి మసిగుడ్డ. అరిగేదాకా మనిషితోటి ఉంటది. పండుకునేదానికి లేని తప్పు కూసుంటే ఎట్లొస్తది?

సూదీదారం:
నేను ఇరవై రెండేళ్ళుగా టైలర్ని. తప్పొప్పుల సంగతి మీ ఇంటివాళ్ళు తేల్చుకోవాలి. గుడ్డ సంగతి నేను చెప్తాను.

ముందు ప్రతి చీరనీ పరీక్ష చేయండమ్మా. రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి పడుగు వైపు, అంటే చీర పొడవున, ఒకసారి, పేక వైపు, అంటే అడ్డంగా, ఒకసారి గట్టిగా లాగండి. పోగులు పటుక్కుమంటే అది కూర్చునే గలీబుకి పనికిరాదు. తట్టుకున్న చీర కూడా పాతదే కాబట్టి ప్రతి ముక్క వెనకా పల్చటి లైనింగ్ గుడ్డ వేసి, రెండూ కలిపి కుట్టాలి. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. విడిగా నేసి కలిపినవి. ఉతికితే నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుంటాయి, పైగా పట్టు ఎండకి త్వరగా చివికిపోతుంది. ఒంటి భాగం మాత్రమే తీసుకోండి. కలంకారీ చెట్ల రంగులదైతే పడమటెండకి ముందు పసుపు వెలుస్తుంది. పసుపు పోతే, నీలి మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చ కూడా నీలంగా తిరుగుతుంది.

ఇక లెక్క. మీ బల్ల 48 అంగుళాలు, 18 అంగుళాలు. ఆరంగుళాల గళ్ళు పెడితే పొడవుకి 8, వెడల్పుకి 3, మొత్తం 24. ఎనిమిది చీరలు కాబట్టి చీరకి మూడేసి. కుట్టుకి చుట్టూ పావంగుళం వదలాలి కాబట్టి ఒక్కో ముక్క ఆరున్నర అంగుళాలు కోయాలి. ఆ పావంగుళంలో మాత్రం రాజీ పడొద్దు. ఒక్కో అతుకులో అటు ముక్కకీ ఇటు ముక్కకీ ఒక్కో మిల్లీమీటరు ఎక్కువ పోయినా ఏడు అతుకుల దగ్గర పద్నాలుగు మిల్లీమీటర్లు పోతుంది. గలీబు స్పాంజికి ఎక్కదు.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నా. చీరలు నాశనం చేయక్కర్లేదు. లోపల దోపుకునే కొస నుంచి అడ్డంగా ఆరున్నర అంగుళాల పట్టీ ఒక్కటి తీస్తే చాలు. చీర వెడల్పు 46 అంగుళాల దాకా ఉంటుంది, మీకు కావలసింది పందొమ్మిదిన్నర. ఐదున్నర మీటర్ల చీరలో జానెడు కూడా పోదు. కోసిన చోట పీకో చేయిస్తే చీర మళ్ళీ కట్టుకోవచ్చు. ఆ కొస ఎప్పుడూ లోపలే ఉంటుంది కాబట్టి రంగు కూడా అక్కడే బాగుంటుంది.

కృష్ణాతీరం:
పట్టీ సంగతి నాకు తట్టలేదు. అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ నేనెందుకు అంత గట్టిగా అన్నానో చెప్పాలి. మా అమ్మ చీరలు రెండు కోసి కిటికీలకి కర్టెన్లు కుట్టించాను. రోజూ కళ్ళముందు ఉంటాయనుకున్నా. మూడో ఎండాకాలానికి వెలిసిపోయాయి, ఉతికితే చీలికలు వచ్చాయి. ఇప్పుడు నా దగ్గర కర్టెన్లూ లేవు, చీరలూ లేవు. ఆ బాధ ఇంకొకరికి వద్దనే అన్నాను. మీ వసారా కూడా పడమటిదే కదా.

డాలస్‌కోడలు:
ఇక్కడ అమెరికాలో పోయినవాళ్ళ చొక్కాలతో బొంతలు కుట్టించుకోవడం మామూలే. మా మామగారు పోయాక ఆయన లుంగీలతో నేనూ ఒకటి కుట్టాను. కానీ సోఫా వీపు మీద వేస్తాం తప్ప ఎవరం కూర్చోం. ఎందుకని అడిగితే చెప్పలేను.

సూదీదారం:
కృష్ణాతీరం గారూ, మీ కర్టెన్లకి పొద్దస్తమానం ఎండ తగిలి ఉంటుంది. గలీబు అలా ఉండక్కర్లేదు. వెనక జిప్పు పెట్టకుండా నాడాలు పెడితే మధ్యాహ్నం తీసి లోపల వేసుకోవచ్చు, ఎండ దిగాక మళ్ళీ కట్టొచ్చు. ఇంకో మాట. అంచు చిన్నదైన చీర పట్టీలో మూడు కాదు, ఆరు ముక్కలు వస్తాయి. మిగిలిన మూడూ దాచిపెట్టుకుంటే, వెలిసిన గడి విప్పి కొత్తది వేయొచ్చు.

బొంతలక్క:
రంగు దిగుతదేమో ముందే చూడండి. రాత్రంత ఉప్పునీళ్ళల్ల నానబెడితే దిగదు.

సూదీదారం:
అక్కా, అది అందరూ అనే మాటే గానీ నిజం కాదు. రంగు అద్దేటప్పుడు ఉప్పు సాయం చేస్తుంది. దిగే రంగుని తర్వాత ఆపలేదు. తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. అంటితే, అంటడం మానేదాకా విడిగా ఉతకండి. ఎరుపు పక్కన తెలుపు మాత్రం పెట్టకండి.

పడమటివాకిలి:
అందరికీ దణ్ణాలు. నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్లోనే పట్టీ కొలత వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పోచంపల్లి తప్ప మిగతావి తీసుకోమంది. దాని గృహప్రవేశానికి అమ్మ కట్టుకున్నది అదే. పొద్దున ఏడు చీరలూ లాగి చూశాను, ఏడూ తట్టుకున్నాయి. అంటే ఇరవై ఒక్క గళ్ళు, ఇంకా మూడు కావాలి. నాన్న వింటూ కూర్చున్నారు. కాసేపటికి లేచి వెళ్ళి తన నేత పంచె ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. సూదీదారం అన్నా, పంచె బాగా పల్చగా ఉంది. ఆ మూడు గళ్ళకీ లైనింగ్ రెండు పొరలు వేయమంటారా?