మ్యూనిక్‌లో అక్టోబర్‌కి దిగే జూనియర్లకి గదులు: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ఇసార్_ఒడ్డున:

అందరికీ నమస్కారం. మ్యూనిక్‌లో చదువుతున్న తెలుగువాళ్ళం ఐదారుగురం కలిసి, ఈ వింటర్ సెమిస్టర్‌కి వచ్చే జూనియర్లకి ఇళ్ళు వెతికిపెడదామని అనుకుంటున్నాం. దాదాపు నలభై మంది ఉన్నారు. ఎక్కువమందిది టీయూఎం (టెక్నికల్ యూనివర్సిటీ) గార్చింగ్ క్యాంపస్, మిగతావాళ్ళది ఎల్‌ఎంయూ (ఇక్కడి ఇంకో యూనివర్సిటీ). బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పున తీసుకునే ఖాతా) నుంచి నెలకి చేతికొచ్చేది 992 యూరోలు. హెల్త్ ఇన్సూరెన్స్‌కే 140 పైన పోతుంది. ఇక్కడ డబ్ల్యూజీలో (కొందరు కలిసి పంచుకునే ఫ్లాట్‌లో) ఒక్క గది 800 అటూ ఇటూ పలుకుతోంది. ఎలా లెక్కేసినా తిండికి మిగలడం లేదు.

నా ప్రశ్నలు ఇవీ. ఇండియాలో ఉండగానే వాళ్ళ చేత ఏం చేయించాలి? దిగాక మొదటి నెల ఎక్కడ ఉంచాలి? వాట్సాప్ గ్రూపుల్లో "ఆన్‌మెల్డుంగ్ అడ్రస్ 150 యూరోలు" అని ప్రకటనలు తిరుగుతున్నాయి (ఆన్‌మెల్డుంగ్ అంటే ఉండే అడ్రస్‌ని ఊరి ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవడం), వాడొచ్చా? మా గదుల్లోనే తలా ఇద్దర్ని సర్దుకుంటే ఏమైనా ఇబ్బందా?

ఫ్రైమాన్_సీనియర్:

ముందు హాస్టల్ సంగతి తేల్చండి. అడ్మిషన్ వస్తే హాస్టల్ దానంతటదే వస్తుందని మన దగ్గర అనుకుంటారు. ఇక్కడ యూనివర్సిటీ గది ఇవ్వదు. స్టూడీరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థ ఇస్తుంది, దానికి దరఖాస్తు కూడా వేరే. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే ఆన్‌లైన్‌లో పెట్టించండి. వీసా చేతికొచ్చాక చూద్దాం అన్నవాళ్ళు క్యూలో చివరికి పోతారు. మ్యూనిక్‌లో నిరీక్షణ సెమిస్టర్ల లెక్కన ఉంటుంది కాబట్టి మొదటి అక్టోబర్‌కే గది వస్తుందని ఎవరికీ మాటివ్వకండి. రెండో సెమిస్టర్ కోసం ఇప్పుడు విత్తనం వేస్తున్నామని చెప్పండి. ఫ్రైమాన్‌లోని స్టూడెంటెన్‌ష్టాట్ అనే పెద్ద హాస్టల్ సముదాయంలో 2021 అగ్నిప్రమాదం తర్వాత వెయ్యికి పైగా గదులు రిపేర్ల పేరుతో ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి. క్యూ ఇంత పొడవు కావడానికి అదీ ఒక కారణం.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, పేరున్న ఒలింపిక్ విలేజ్ హాస్టల్ మీదే మనసు పడి గార్చింగ్, ఫ్రైజింగ్ హాస్టళ్ళని వదిలేయడం. గార్చింగ్ క్యాంపస్‌వాళ్ళకి అవే దగ్గర. రెండోది, గది ఆఫర్ ఈమెయిల్ స్పామ్‌లో పడిపోవడం. జవాబుకి గడువు కొద్ది రోజులే ఇస్తారు. దరఖాస్తులో కాలేజీ ఈమెయిల్ ఇచ్చి, డిగ్రీ అయిపోగానే అది మూతపడ్డ కేసులు కూడా ఉంటాయి. సొంత ఈమెయిల్ పెట్టించండి.

స్టూడీరెండెన్‌వెర్క్ కాకుండా చర్చిలు, ట్రస్టులు నడిపే హాస్టళ్ళు చాలా ఉన్నాయి. వాటికి ఒకే ఫారం ఉండదు, ఒక్కోదానికి విడిగా రాయాలి. చాలావాటిలో మతం అడ్డు కాదు. హాస్టల్ పనుల్లో, కార్యక్రమాల్లో పాలుపంచుకుంటారా అన్నదే చూస్తారు. అప్లికేషన్‌తో పాటు ఒక పేజీ ఉత్తరం అడుగుతారు. అందరూ ఒకటే కాపీ పంపిస్తే పట్టేస్తారు.

ముందు_తాళం_తర్వాత_డబ్బు:

ఆన్‌మెల్డుంగ్ అడ్రస్ కొనడం గురించి: వద్దు. ఉండని ఇంటి అడ్రస్‌ని రిజిస్ట్రేషన్ కోసం ఇస్తే, ఇచ్చినవాడికి చట్టప్రకారం 50,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. తీసుకున్నవాడూ తప్పు వివరాలు ఇచ్చినట్టే, రేపు రెసిడెన్స్ పర్మిట్ అడగాల్సింది ఆ ఊళ్ళోనే. పైగా ఆ అడ్రస్‌కి వచ్చే ఉత్తరాలు ఎవరి చేతికి పోతాయి? ట్యాక్స్ ఐడీ, బ్యాంకు పిన్, ఇన్సూరెన్స్ కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి.

మోసాల సంగతి. మీరు జూనియర్ల కోసం ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి: గదిని మీలో ఒకరు స్వయంగా వెళ్ళి చూడండి. ఇండియాలో కూర్చున్నవాడికి లేనిదీ, మీకు ఉన్నదీ అదొక్కటే.

మోసగాళ్ళ పద్ధతి దాదాపు మారదు. ష్వాబింగ్‌లో 35 చదరపు మీటర్ల ఫ్లాట్, అన్నీ కలిపి 450 యూరోలు అంటారు. ఓనర్ లండన్‌లోనో స్పెయిన్‌లోనో ఉంటాడు. నమ్మకం కోసం తన పాస్‌పోర్ట్ ఫోటో పంపుతాడు, అది ఇంకెవరి దగ్గరో కొట్టేసింది. తర్వాత ఎయిర్‌బీఎన్‌బీలా కనిపించే లింకు, డిపాజిట్ కడితే తాళాలు కొరియర్‌లో వస్తాయని హామీ. ఫోటోలని ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే అదే హాలు ఇంకో ఊళ్ళో హోటల్‌ది అని తేలుతుంది. వీడియో కాల్ అంటే రికార్డు చేసిన వీడియో కాదు. కింద తలుపు దగ్గరున్న బెల్ బోర్డు మీద పేరు చూపించి, అక్కణ్ణుంచి ఆపకుండా మెట్లెక్కి గదిలోకి రమ్మనాలి.

ఇంకో రకం మోసం డబ్బు అడగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. "అద్దెకి ముందు మీ ఐడీ ధ్రువీకరించాలి" అని వీడియో ఐడెంట్ (వీడియో కాల్‌లో పాస్‌పోర్ట్ చూపించి గుర్తింపు నిరూపించుకునే పద్ధతి) లింకు పంపిస్తారు. నిజానికి అక్కడ జరిగేది మీ పేరు మీద ఒక బ్యాంకు ఖాతా తెరవడం. ఆ ఖాతాలోకి ఇంకొకళ్ళని మోసం చేసిన డబ్బు వస్తుంది, పోలీసుల ఉత్తరం మీకొస్తుంది. ఇంటి ఓనర్‌కి వీడియో ఐడెంట్‌తో పనే లేదు. పాస్‌పోర్ట్ కాపీ ఇవ్వక తప్పకపోతే, దాని మీద అడ్డంగా తేదీ, "ఫలానా ఇంటి అద్దె కోసం మాత్రమే" అని రాసి పంపించండి.

సెమిస్టర్_సబ్‌లెట్:

మొదటి ఆరు నెలలకి అసలు దారి సబ్‌లెట్, ఇక్కడి మాటలో ట్స్విషెన్‌మీటే. ఎరాస్మస్‌కో (యూరప్‌లో ఇంకో యూనివర్సిటీలో కొన్నాళ్ళు చదివే పథకం) ఇంటర్న్‌షిప్‌కో వెళ్ళే స్టూడెంట్లు తమ గదిని సామాన్లతో సహా మార్చి దాకా వదిలి వెళ్తారు. ఆ ప్రకటనలు జూలై నుంచే వస్తాయి. వాళ్ళ సొంత అద్దెకే ఇస్తారు కాబట్టి ఫర్నిష్డ్ పేరుతో దోచే అపార్ట్‌మెంట్ల కన్నా చవక. గదుల ప్రకటనలుండే డబ్ల్యూజీ-గెజూఖ్ట్ సైట్‌లో "శాశ్వతం" అన్న ఫిల్టర్ తీసేస్తేనే కనిపిస్తాయి. చాలామంది ఆ ఫిల్టర్ పెట్టుకుని ఏమీ దొరకట్లేదని ఏడుస్తారు.

సబ్‌లెట్‌లో రెండు అడగాలి. ఓనర్ అనుమతి రాతపూర్వకంగా ఉందా? లేకపోతే అసలు అద్దెదారు కాంట్రాక్టే పోయి మీరూ బయటికి రావాల్సి వస్తుంది. ఆన్‌మెల్డుంగ్‌కి సంతకం పెడతారా? ఫలానావాళ్ళు ఇక్కడ ఉంటున్నారని ఇల్లు ఇచ్చినవాళ్ళు రాసిచ్చే వోనుంగ్స్‌గేబర్ ఫారం మీద ఇంటి ఓనరే సంతకం పెట్టాలని లేదు, మీకు గది ఇచ్చిన అసలు అద్దెదారు పెట్టినా చెల్లుతుంది. "ఓనర్ ఊళ్ళో లేడు" అని తప్పించుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. ఇంట్లో చేరిన రెండు వారాల్లో రిజిస్టర్ కావాలి. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ప్రయత్నించినట్టు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఆన్‌మెల్డుంగ్ ఆలస్యమైతే ట్యాక్స్ ఐడీ ఆలస్యం. అది లేకుండా పార్ట్‌టైమ్‌లో చేరితే జీతంలో ఆరో ట్యాక్స్ క్లాస్ కోత, అంటే అన్నిటికన్నా ఎక్కువ కోత పడుతుంది.

ఇక మెసేజ్ రాయడం. మంచి గదికి గంటలో వందల మెసేజ్‌లు వస్తాయి. "డియర్ సర్/మేడమ్, ఐయామ్ ఎ హార్డ్‌వర్కింగ్ స్టూడెంట్" అన్నది ఎవరూ చదవరు. ఆ ఇంట్లో ఉన్నది సర్ కాదు, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు. ఎనిమిది, పది లైన్లు జర్మన్‌లో రాయించండి. మొదటి లైను ఆ ప్రకటనలోని ఒక విషయం మీద ఉండాలి: వాళ్ళ పిల్లి పేరో, బాల్కనీలో టమాటా మొక్కలో. కొంతమంది చదివారో లేదో పట్టుకోవడానికి ప్రకటన మధ్యలో ఒక పదం దాచి, జవాబులో అది రాయమంటారు. తర్వాత ఏం చదువుతున్నారు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, వీడియో కాల్‌కి ఏ టైములో దొరుకుతారు. వంట గురించి ముందే చెప్పుకోవడం మంచిది. కిటికీ లేని వంటింట్లో ఇంగువ తాళింపు పెడితే మొదటి వారంలోనే గొడవ.

ఇసార్_ఒడ్డున:

చాలా థాంక్స్. సెప్టెంబర్ చివర్లో దిగేవాళ్ళని మొదటి రెండు వారాలు హాస్టల్ డార్మ్‌లో పెడదామంటే మంచానికి రాత్రికి వంద దాటి చూపిస్తోంది, పొరపాటేమో అనుకున్నాను. మా గదుల్లో సర్దుకోవడం గురించి కూడా ఎవరైనా చెప్పండి.

ఫ్రైమాన్_సీనియర్:

పొరపాటు కాదండీ, అక్టోబర్‌ఫెస్ట్, ఇక్కడి బీర్ పండగ. సెప్టెంబర్ మూడో శనివారం నుంచి అక్టోబర్ మొదటి వారాంతం దాకా ఊరంతా అదే రేటు. సరిగ్గా మనవాళ్ళు దిగే వారాలు అవే. అయితే సెప్టెంబర్ మొదటి వారంలోనే దింపండి, లేదా ఆ రెండు వారాలు ఆగ్స్‌బుర్గ్, ఇంగోల్‌ష్టాట్ లాంటి ఊళ్ళలో ఉంచండి. హోటల్లో ఉన్నన్నాళ్ళూ ఆన్‌మెల్డుంగ్ అవదని లెక్కలో పెట్టుకోండి.

కాంట్రాక్ట్_చదివే_అక్క:

తమ్ముడూ, స్నేహితుణ్ణి కొద్ది వారాలు అతిథిగా ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెలల తరబడి ఉంచి అతని దగ్గర అద్దె తీసుకుంటే అది సబ్‌లెట్, ఓనర్ అనుమతి లేకపోతే మీ కాంట్రాక్ట్‌కే ఎసరు. పన్నెండు చదరపు మీటర్ల గదిలో ముగ్గురు పడుకుంటే ఇంకో చిక్కు ఉంది: గోడలకి బూజు. ఊపిరి తేమ, ఆరేసిన బట్టలు, అన్నం వండిన ఆవిరి, చలికాలంలో మూసిన కిటికీ. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పెయింటింగ్ ఖర్చు మీ డిపాజిట్‌లో కోస్తారు. రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి ఐదు, పది నిమిషాలు ఉంచాలి. రోజంతా ఓరగా తెరిచి పెడితే గోడ చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది.

డిపాజిట్ లెక్క అందరికీ నేర్పండి. పరిమితి మూడు నెలల కాల్ట్ అద్దె (ఉత్త గది అద్దె), వార్మ్ (హీటింగ్, మెయింటెనెన్స్ కలిపిన అద్దె) కాదు. వార్మ్ 650, అందులో మెయింటెనెన్స్, హీటింగ్ 120 అనుకుంటే కాల్ట్ 530, డిపాజిట్ 1,590 దాటకూడదు. దాన్ని కూడా మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు ఉంది. మొదటి 530 అద్దె మొదలైనప్పుడు, మిగతావి తర్వాతి రెండు నెలల అద్దెలతో పాటు. బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి 992 మాత్రమే వచ్చేవాళ్ళకి ఇది ప్రాణం నిలబెట్టే నిబంధన. అయినా ఇంటి నుంచి డిపాజిట్ డబ్బు విడిగా తెచ్చుకోమనే చెప్పండి. వాయిదాలు అడిగితే గది ఇంకొకరికి ఇచ్చేసే ఓనర్లే ఎక్కువ.

సంతకానికి ముందు "బెఫ్రిస్టెట్" అన్న పదం ఉందా చూడండి. అంటే గడువు కాంట్రాక్ట్. గడువులోపు ఓనర్ వెళ్ళమనలేడు, మీరూ వెళ్ళలేరు. హాస్టల్ ఆఫర్ నాలుగో నెలలో వచ్చినా పన్నెండు నెలల అద్దె మెడకి చుట్టుకుంటుంది. గడువు లేని కాంట్రాక్ట్ అయితే మూడు నెలల నోటీసు. నెలలో మూడో పనిదినం లోపు ఓనర్ చేతికి చేరాలి, చేరితే ఆ నెల కూడా లెక్కలోకి వస్తుంది. కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి, ఈమెయిలూ వాట్సాపూ చెల్లవు. ఈ ఒక్క కారణంతో ఒక నెల అద్దె ఎక్కువ కట్టేవాళ్ళు కోకొల్లలు.

రేడియో ఫీజు (ప్రభుత్వ రేడియో, టీవీల కోసం ప్రతి ఇల్లూ కట్టాల్సింది) నెలకి 18.36 యూరోలు, మనిషికి కాదు, ఇంటికి. డబ్ల్యూజీలో ఒకరు కడుతుంటే వాళ్ళ నంబర్ తీసుకుని మిగతావాళ్ళు జవాబు రాస్తే చాలు. ఉత్తరాన్ని పట్టించుకోకపోతే విడిగా బిల్లు పెరుగుతూ పోతుంది.

ఎస్‌బాన్_చివర:

ఊరి బయట చూడమని ఎవరూ చెప్పలేదేంటి. గార్చింగ్‌వాళ్ళు యూ6 మెట్రో లైను మీదో, ఎషింగ్, నోయ్‌ఫార్న్ వైపో చూడాలి. అక్కణ్ణుంచి క్యాంపస్‌కి బస్సు ఉంది, ఊరి మధ్యకి వెళ్ళి రానక్కర్లేదు. ఎల్‌ఎంయూవాళ్ళకి డాహావ్ నయం. ఆగ్స్‌బుర్గ్‌లో అద్దె తగ్గుతుంది, రీజనల్ రైలు ముప్పావు గంట. కానీ గార్చింగ్ దాకా అంటే ఒక వైపే గంటన్నర. డాయిచ్‌లాండ్‌టికెట్‌తో (లోకల్, రీజనల్ రైళ్ళకి పనికొచ్చే నెలసరి పాస్) ఐసీఈ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కకూడదని ముందే చెప్పండి, కాస్త టైము మిగుల్తుందని ఎక్కి ఫైన్ కడతారు.

పెద్దవాళ్ళ ఇళ్ళలో "వోనెన్ ఫ్యూర్ హిల్ఫే" (సాయానికి బదులు నివాసం) పథకం కూడా ఉంది. చదరపు మీటరుకి నెలకి ఒక గంట పని, అద్దె ఉండదు, కరెంటు, హీటింగ్ ఖర్చులు మాత్రం మీవి. పదిహేను మీటర్ల గదికి నెలకి పదిహేను గంటలు: తోట, కొనుగోళ్ళు, కంప్యూటర్ సాయం. నర్సింగ్ పని అందులోకి రాదు. మాట్లాడేంత జర్మన్ ఉండాలి. బీ1 స్థాయి జర్మన్ ఉన్నవాళ్ళని మీ నలభై మందిలోంచి ముందే వేరుచేసి ఇటు పంపండి.

గది దొరికిన రోజే లెటర్‌బాక్స్ మీద పేరు అంటించమనండి. పేరు లేకపోతే పోస్ట్‌మాన్ వెనక్కి తీసుకుపోతాడు. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అలాగే రాయాలి.